ఇద్దరమే ఉన్నాం, అయినా టైమ్ ఎటు పోతోంది?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. వయసు 27. పెళ్లయి ఎనిమిది నెలలు. ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కు. పొద్దున తొమ్మిదికి ఇల్లు కదిలితే మళ్లీ గడప తొక్కేసరికి రాత్రి ఏడు. ఆదివారాలు, రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. భర్తకు 30. కాజీపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఒక వారం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు, మరుసటి వారం రెండు నుంచి రాత్రి పది, ఆపై వారం నైట్. రెస్టు మంగళవారం. నయీంనగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటున్నారు. మూడేళ్ల దాకా పిల్లలు వద్దని ఇద్దరూ మాట్లాడుకునే నిర్ణయించుకున్నారు.

ఆమె బాధ ఇది. ‘ఇంట్లో ఉండేది ఇద్దరమే. పసిపిల్లలు లేరు, చూసుకోవాల్సిన పెద్దలు లేరు. కావలసినంత ఖాళీ ఉండాలి కదా? ఎనిమిది నెలల్లో వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. సాయంత్రం చెరొక ఫోన్ పట్టుకుంటాం, చూస్తుండగానే పదకొండవుతుంది. ఆదివారం వస్తే పరకాల నుంచి అత్తమ్మో, జనగామ నుంచి మా అమ్మో ఫోన్: “ఖాళీగనే ఉంటరు గదా, పిల్లా జెల్లా లేకపాయె, ఓసారి వచ్చిపోరాదు?” లేకపోతే ఎవరిదో ఒకరి ధావత్. ఆయన్ను ఏమన్నా అంటే, “డ్యూటీ దిగివచ్చిన మనిషికి కొంచెం రెస్టు వద్దా?” అంటారు. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్ష రాయాలని పుస్తకాలు కొన్నాను, అట్ట తెరవలేదు. ఇద్దరం కలిసి చేయగల హాబీ ఏదైనా చెప్పండి. ట్రిప్పులకు పనికొస్తుందని ఆయన కారు కొందామంటున్నారు. కొనమంటారా?’

హాబీ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో మీరిచ్చిన వేళలనే కాగితం మీద వేస్తే, ‘కావలసినంత ఖాళీ’ అన్న మాట నిలబడటం లేదు.

పొద్దుటి షిఫ్టు వారంలో ఆయన నాలుగున్నరకు లేవాలి. మీరు ఏడుకు వస్తారు, ఆయన తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. ఇద్దరూ మెలకువగా ఒక చోట ఉండేది రెండున్నర గంటలు, అందులోనే వంట, తిండి, గిన్నెలు. మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఆయన ఇల్లు చేరేది పదీముప్పావుకు, అప్పటికి మీ కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ వారం మీకు కలిసి దొరికేది పొద్దున ఏడు నుంచి తొమ్మిది, అదీ టిఫిన్ బాక్సుల హడావుడిలో. నైట్ వారంలో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదింబావు దాకా. ఆదివారమైనా పూర్తి రోజు కాదు. పొద్దుటి షిఫ్టుకు సగం, మధ్యాహ్నం షిఫ్టుకు సగం, నైట్ అయితే పొద్దుటిపూటంతా నిద్రకే పోతుంది.

ఇక రెండో వైపు చూడండి. మధ్యాహ్నం షిఫ్టు వారంలో ప్రతి సాయంత్రం మూడు గంటలకు పైగా మీరొక్కరే. పొద్దుటి షిఫ్టు వారంలో మూడింటి నుంచి ఏడు దాకా ఆయనొక్కరే. మంగళవారమంతా ఆయనొక్కరే, రెండో శనివారం చాలా భాగం మీరొక్కరే. అంటే మీకు కలిసి ఉండే గంటలు తక్కువ, విడివిడిగా ఉండే గంటలు దానికి రెట్టింపు. మీరేమో ఆ తక్కువ గంటలను వంటకు, చుట్టాలకు ఇచ్చేసి, ఎక్కువ గంటలను ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంలో ఖర్చు చేస్తున్నారు. ‘ఆయన వచ్చాక చూద్దాం’ అని ఫోన్ పట్టుకుని కూర్చునే సాయంత్రాల గురించి మీ ఉత్తరంలోనే రెండు చోట్ల రాశారు. తిరగేయాల్సింది దీన్ని: విడి గంటల్లో ఇంటి పని, చదువు, వ్యాయామం, చుట్టరికం. కలిసి ఉండే గంటలు ఒకరికొకరు.

నా మాట నమ్మి మార్పులు మొదలుపెట్టకండి, ముందు మీరే రాసి చూసుకోండి. ఒక వారం సరిపోదు. మూడు షిఫ్టులూ ఒక చుట్టు తిరిగేలా మూడు వారాలు రాయాలి. నోటు పుస్తకంలో రోజుకొక పేజీ, అరగంటకొక గీత, నాలుగు గడులు: ఇద్దరం కలిసి, నేనొక్కదాన్నే, ఆయనొక్కరే, ఇంటి పని (ఎవరు చేస్తే వాళ్ల పేరుతో). రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల్లో టిక్కులు పెట్టేయండి. ఫోన్ లెక్క మీరు రాయక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో అదే చూపిస్తుంది. ఒక జాగ్రత్త: ఎవరి ఫోన్ వాళ్లే చూసుకోవాలి. ఆయన ఫోన్ తెరిచి ‘ఇదిగో మూడు గంటలు’ అన్నారంటే ఆ పుస్తకం ఆ రోజుతో అటకెక్కుతుంది.

ఇంటి పని గడి మీద మాత్రం కన్నేసి ఉంచండి. మీ వైపు నిండుగా, ఆయన వైపు ఖాళీగా వస్తుందని నా అనుమానం. అదే నిజమైతే హాబీలు, ట్రిప్పులు అన్నీ తర్వాత. ‘కొంచెం ఉల్లిగడ్డలు కోసిపెట్టు’ లాంటి ముక్కలు ముక్కల పనితో మీకేమీ కలిసిరాదు. ఏం చేయాలో గుర్తుపెట్టుకునే పని మీ తల మీదే ఉండిపోతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒక పనిని అప్పగించండి. బట్టలంటే మెషీన్‌లో వేయడం, ఆరేయడం, మడతపెట్టడం, ఇస్త్రీకి ఇవ్వడం, తెచ్చుకోవడం, అన్నీ. పొద్దుటి షిఫ్టు వారంలో ఆయన మూడింటికి వచ్చి గంట పడుకుని లేచినా, ఏడు లోపు కూరగాయలు తెచ్చి అన్నం, పప్పు కుక్కర్ దించేయొచ్చు. మీరు వచ్చేసరికి వంట అయి ఉంటే ఆ రెండున్నర గంటలూ మీవే. మధ్యాహ్నం షిఫ్టు వారంలో పొద్దుటిపూట ఆయన చేతిలో ఉంది కాబట్టి నల్లా నీళ్లు పట్టడం, బాత్రూమ్ కడగడం, పిండి రుబ్బడం ఆయన వంతు.

పిండి అన్నాను కాబట్టి కొలత కూడా చెబుతాను. ఇద్దరికి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసులు ఇడ్లీ రవ్వ చాలు. పప్పు నాలుగు గంటలు నానితే సరిపోతుంది. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది, మూడో రోజుది దోసెకు వాడండి. మన దగ్గర ఎండాకాలంలో ఐదారు గంటలకే పులిసి పొంగుతుంది. రాత్రి రుబ్బి బయట వదిలేస్తే తెల్లారేసరికి పుల్లటి వాసన వస్తుంది. పొద్దునే రుబ్బి, పొంగాక పడుకునే ముందే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. అదే చలికాలంలో పది, పన్నెండు గంటలు పడుతుంది. వారానికి రెండుసార్లు పిండి ఉంటే పొద్దుటి రెండు గంటల్లో అరగంట మిగులుతుంది.

నైట్ వారంలో ఆయనకు ఏ పనీ పెట్టకండి. పొద్దున ఏడున్నరకు పడుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా కదలకుండా నిద్రపోవాలి. కిటికీకి మందపాటి గుడ్డ కట్టండి. ఎనిమిదింటికి మీరు పచ్చడి కోసం మిక్సీ వేస్తే ఆ రోజు ఆయన నిద్ర అక్కడితో సరి, అది ముందు రాత్రే రుబ్బి పెట్టుకోండి. ఆ వారం రెండు రోజులు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుంటే మీ సంసారానికి వచ్చే లోటేమీ లేదు.

ఇక్కడ బెడిసికొట్టేది మగవాళ్ల బద్ధకం ఒక్కటే కాదు. ఆయన మడిచిన టవల్ మీరు విప్పి మళ్లీ మడుస్తారు. పప్పులో ఉప్పు ఎక్కువైందని రెండో రోజు నుంచి మీరే చేసేస్తారు. నెల రోజులు టవళ్లు ఎలా మడిస్తే అలా ఉండనివ్వండి.

మీ జేఏఐఐబీ సంగతి. నాలుగు పేపర్లు, పాసైతే ఇంక్రిమెంటు. ఇది మీ విడి గంటల్లో చేయాల్సిన పని. మూడు వారాల చుట్టులో మధ్యాహ్నం షిఫ్టు వారం సాయంత్రాలు దీనికే కేటాయించండి: రాగానే స్నానం, తిండి, ఎనిమిదింబావు నుంచి తొమ్మిదీముప్పావు దాకా చదువు. ఐదు రోజులకు ఏడున్నర గంటలు. నైట్ వారంలో ఆయన వెళ్లాక ముప్పావు గంట పాత ప్రశ్నలు చేయండి. పొద్దుటి షిఫ్టు వారంలో పుస్తకం ముట్టకండి, అది ఇద్దరి వారం. ‘రోజూ గంట చదువుతాను’ అనుకోవడం మీ ఇంట్లో కుదరదు. ప్రతి వారం వేళలు మారిపోతుంటే రోజువారీ నియమం పది రోజుల్లో తెగిపోతుంది, తెగినందుకు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. నియమం షిఫ్టు ప్రకారం ఉండాలి.

ఆయనకూ ఇదే. జిమ్ అంటున్నారని రాశారు. మధ్యాహ్నం షిఫ్టు వారం పొద్దున పూట, పొద్దుటి షిఫ్టు వారం సాయంత్రం ఐదింటికి వెళ్లొచ్చు. అయితే ఏడాది ఫీజు ఒకేసారి కట్టొద్దు, తగ్గింపు ఎంత ఊరించినా సరే. నైట్ వారంలో ఎలాగూ వెళ్లలేరు, అంటే మూడింట ఒక వంతు డబ్బు ముందే పోయినట్టు. నెలకు కట్టి మూడు నెలలు నిలబడితే అప్పుడు ఆలోచించండి. ఇంటికి ట్రెడ్‌మిల్ కొనే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి, రెండు గదుల పోర్షన్‌లో అది ఆరు వారాల్లో బట్టలారేసే దండెం అవుతుంది.

ఇప్పుడు ఆదివారాలు. ఇదే అసలు చిక్కుముడి, దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఫోన్ వచ్చినప్పుడల్లా వెళ్లడం. ఇప్పుడు చేస్తున్నది అదే. ఎవరూ నొచ్చుకోరు, మీ ఇద్దరికీ లోపల్లోపల కారం రాసుకున్నట్టుంటుంది. ఆ కారం చివరికి ఒకరి మీద ఒకరికి మళ్లుతుంది. ‘మీ అమ్మ వాళ్లు’, ‘మీ వాళ్లు’ అన్న మాటలు మీ ఉత్తరంలోనే మొదలయ్యాయి.

రెండోది, కుదరదని తెగేసి చెప్పడం. ఆదివారాలు మిగులుతాయి. కానీ మాట కోడలి మీదికే వస్తుంది, అల్లుడి మీదికో కొడుకు మీదికో రాదు. పెళ్లయిన మొదటి ఏడాది పడ్డ ముద్ర తర్వాత పదేళ్లు చెరగదు.

మూడోది నాకు నచ్చినది, అయితే మొదటి రెండు నెలలు ఓపిక కావాలి. చుట్టరికాన్ని కూడా విడి గంటల్లోకి మార్చడం. మంగళవారం రెస్టున్నప్పుడు ఆయనొక్కరే పరకాల వెళ్లి అమ్మ చేతి అన్నం తిని సాయంత్రానికి రావచ్చు. రెండో శనివారం మీరొక్కరే కాజీపేటలో రైలెక్కి జనగామ వెళ్లి రావచ్చు. రెండు నెలలకొకసారి, పండుగలకు జంటగా వెళ్లండి. ‘జంటగా ఎందుకు రాలేదు, ఏమన్నా గొడవా?’ అని తప్పకుండా అడుగుతారు. అందుకే మొదటిసారి వెళ్లేటప్పుడే తర్వాత జంటగా వచ్చే తేదీ చెప్పేయాలి: ‘అమ్మా, వచ్చే నెల రెండో ఆదివారం ఇద్దరం వస్తున్నం.’ తేదీ చేతిలో ఉంటే పెద్దవాళ్లు వారం వారం ఫోన్ చేయరు. ఈ మాట పరకాలకు ఆయనే చెప్పాలి, జనగామకు మీరే చెప్పాలి. అటుదిటు చేశారో, మూడో దారి కూడా రెండో దారే అవుతుంది.

ధావత్‌లకు, లగ్గాలకు ఒక గీత గీసుకోండి. మేనమామ, మేనత్త, బాబాయ్ పిల్లల దాకా జంటగా వెళ్లాలి, అక్కడ బేరం లేదు. ఆ బయటి వాళ్లకు ఇద్దరిలో ఎవరికి వీలైతే వాళ్లు వెళ్లి కట్నం చదివించి, తిని వస్తే చాలు. ఆఫీసు వాళ్ల అన్న కొడుకు ఫంక్షన్‌కు మీ సగం ఆదివారం ఇవ్వక్కర్లేదు. ఇంకో చిట్కా పంచాంగంలో ఉంది. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ఆదివారాల మీద ఆశ పెట్టుకోకండి, పెళ్లి పత్రికలు వరసగా వస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం రోజుల్లో లగ్గాలుండవు. ఆదివారాలను మీ కోసం ముందే రాసి పెట్టుకోవాల్సింది అప్పుడే. పుష్యమైతే చల్లగా కూడా ఉంటుంది.

‘పిల్లలెప్పుడు?’ అన్న ప్రశ్నను దీనితో కలపొద్దు. మూడేళ్లనేది మీ ఇద్దరి మాట, అది చాలు. మీ ఖాళీ సమయాన్ని ఫలానా గొప్ప పనికి వాడుతున్నామని ఎవరికీ రుజువు చూపించక్కర్లేదు. ఏమీ చేయకుండా భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చున్నా అది మీ టైమే.

ఇక కలిసి చేసేవి. ఏడాదంతా సాగే హాబీ ఒకటే వెతకొద్దు. షిఫ్టును బట్టి చూడండి. మధ్యాహ్నం షిఫ్టు వారంలో వారానికి రెండు పొద్దులు ఆరింటికే లేచి భద్రకాళి కట్ట మీద ముప్పావు గంట నడవండి. సాయంత్రం అక్కడ జనం ఎక్కువ, మాట్లాడుకోవడం కుదరదు. పొద్దుటి షిఫ్టు వారంలో ఒక సాయంత్రం కాళోజీ కళాక్షేత్రంలో నాటకమో నాట్యమో ఉంటే వెళ్లండి. 2024లో తెరిచారు, మీకు దూరం కూడా కాదు. పుస్తకాల మీద ఇష్టముందని రాశారు. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర భాషా నిలయం ఉంది, ఏదో ఒక ఆదివారం ఓసారి తొంగిచూడండి. నైట్ వారంలో ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి, కలిసి తినడమే ప్రోగ్రాం. ఆ భోజనం పూట రెండు ఫోన్లూ పక్క గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి. డ్యూటీ దిగిరాగానే ఆయనకు అరగంట ఫోన్ కావాలంటే ఇవ్వండి, అది నిజంగానే విశ్రాంతి. అది గంటన్నర అయ్యేది వీడియోలు వాటంతటవే వరసగా వస్తుండటం వల్ల. ఆటోప్లే ఆపే వీలున్న యాప్‌లలో ఆపేయమనండి.

రెండు నెలలకొకసారి ఒక పూర్తి రోజు కావాలి. దానికి ఆయన మంగళవారమే దిక్కు, మీరు సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టాలి. ఏడాదికి 12 సీఎల్‌లు ఉంటాయి కదా, ఆరు దీనికి పోగా ఆరు జ్వరాలకు, అవసరాలకు మిగులుతాయి. తోటివాళ్లతో డ్యూటీ మార్చుకుని ఆయన నాలుగో శనివారం తీసుకోవడం ఇంకో దారి. మీ సీఎల్ మిగులుతుంది, కానీ ఆ బదులు తీర్చే రోజు ఎప్పుడొస్తుందో ఆయన చేతిలో ఉండదు, అది సరిగ్గా మీ ఆదివారం మీదే పడొచ్చు.

మంగళవారం అంటే ఏదో ఒక మంగళవారం కాదు. నైట్ వారంలో సోమవారం రాత్రి ఎక్కిన డ్యూటీ మంగళవారం తెల్లారి దిగుతుంది. ఆ పొద్దున బండి మీద ములుగు రోడ్డు ఎక్కొద్దు. రాత్రంతా మేలుకున్న మనిషికి హ్యాండిల్ పట్టుకునే రెప్పలు వాలతాయి, వాలినట్టు తెలియదు కూడా. పొద్దుటి షిఫ్టు వారం మంగళవారమే మంచిది. సోమవారం మధ్యాహ్నమే డ్యూటీ అయిపోయి రాత్రి నిండా నిద్ర పడుతుంది. తిరిగి ఆరింటికల్లా ఇల్లు చేరాలి, బుధవారం మళ్లీ నాలుగున్నరకు లేవాలి కాబట్టి.

మొదటి ట్రిప్పుకు రామప్ప గుడి, లక్నవరం చెరువు సరిపోతాయి. పొద్దున ఆరింటికి బయల్దేరితే ములుగులో చాయ్ తాగి ఎనిమిది దాటేసరికి రామప్ప గుడి ఉన్న పాలంపేటలో ఉంటారు. ఆదివారం ఉండేంత రద్దీ మంగళవారం ఉండదు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఫొటోలు దిగి అరగంటలో బయటికి వచ్చేస్తారు చాలామంది. మీరు గుడి చుట్టూ నిదానంగా ఒక చుట్టు తిరిగి, చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, ఒక్కొక్కరినీ చూడండి. నగలు, జడ, నిలబడ్డ తీరు ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. ఒకామె ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని ఉంటుంది, ఆమెను ఎవరు ముందు కనిపెడతారో చూసుకోండి. పదింటికి అక్కడ కదిలి లక్నవరంలో భోజనం చేసి, వేలాడే వంతెన దాటి, మూడు, మూడున్నరకు తిరుగుముఖం పట్టాలి. రానుపోను 180 కిలోమీటర్ల దాకా అవుతుంది, బండికి నాలుగు లీటర్ల లోపే. చీకటి పడితే ఆ దారిలో ఇసుక లారీల వెనక బండి నడపడం నరకం. ఎలాగూ వచ్చాం కదా అని మేడారం కూడా కలిపితే మూడూ సరిగ్గా చూడలేరు.

మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘంలో వస్తుంది. ఆ ఏడాది అంతకు ముందు వారాల నుంచే ముందస్తు మొక్కుల జనంతో ఆ రోడ్డు నిండిపోతుంది. ఆ పుష్యంలో ములుగు వైపు కాకుండా నర్సంపేట దారిలో పాకాల చెరువుకు వెళ్లండి. అదీ కాకతీయుల కాలం నాటిదే, దూరం కూడా తక్కువ. బొగత జలపాతం వానాకాలంలోనే చూడాలి, కానీ బండి మీద ఒక్క రోజులో వెళ్లి రావడం వద్దు. దానికి కారు మాట్లాడుకోండి.

అలా మీ చివరి ప్రశ్నకు వచ్చాం. ఏడు లక్షల అప్పు తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్లలో తీర్చేలా నెలకు 11,260 రూపాయల దాకా కిస్తీ పడుతుంది. ఏడాదికి లక్షా ముప్పై అయిదు వేలు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ దీనికి అదనం. మీరు పూర్తి రోజు బయటికి వెళ్లగలిగేది ఏడాదికి ఆరుసార్లు. హనుమకొండలో రోజుకు కారు, డ్రైవర్ మాట్లాడుకుంటే ఎంత అడుగుతున్నారో కనుక్కుని ఆరుతో హెచ్చించి చూసుకోండి. పరకాల, జనగామల్లో పెద్దవాళ్లను ఆస్పత్రులకు తిప్పాల్సిన అవసరం ఉంటే లెక్క మారుతుంది, ఆ సంగతి మీరు రాయలేదు. ట్రిప్పుల కోసమే అయితే ఈ ఏడాదికి కొనకండి. ఇంకోటి, కిస్తీ మొదలైతే ఆయన రెస్టు రోజున ఓటీ (ఓవర్‌టైమ్) చేయాల్సి వస్తుందేమో ముందే అడగండి. మంగళవారాలు అలా పోతే ఆ కారులో ఎక్కడికీ వెళ్లలేరు.